జగదల్‌పూర్ చలి, మా వంటిల్లు

బస్తర్ అంటే అడవి అని అందరికీ తెలుసు, ఇనుపరాయి అని తెలుసు, దసరా అని తెలుసు. చలి అని మాత్రం ఎవరూ చెప్పరు. విశాఖలో ఫ్యాను కింద పడుకున్నవాళ్ళు కిరండూల్ బండెక్కి, అరకు దాటి, డిసెంబరులో జగదల్‌పూర్ స్టేషన్లో దిగేసరికి చేతులు చంకల్లో పెట్టుకుంటారు. సముద్రమట్టానికి సుమారు 550 మీటర్ల ఎత్తున ఉన్న పీఠభూమి ఇది. ధనుర్మాసంలో తెల్లవారుజామున పది డిగ్రీల దగ్గరకి దిగడం మామూలే. బైలడీలా కొండల మీద ఇంకాస్త తక్కువ.

ఆ కొండల్లో బచేలి ఇనుపగని కొత్తగా నడుస్తున్న రోజుల్లో, 1977 దాటాక, బొబ్బిలి వైపు నుంచి కాపురానికి వచ్చాను. మావారు రిటైరయ్యాక జగదల్‌పూర్‌లోనే ఇల్లు కట్టుకున్నాం. ఇప్పుడు నగర్నార్ స్టీలు ప్లాంటు పుణ్యమా అని మళ్ళీ మనవాళ్ళ పిల్లలు ఉద్యోగాలకి వస్తున్నారు. వాళ్ళ ఇల్లాళ్ళు ఫోన్ చేసి, "అత్తయ్యగారూ, పిండి పొంగట్లేదండీ", "పిన్నిగారూ, పిల్లలకి ఈ చలికి ఏం పెట్టాలి?" అని అడుగుతుంటారు. ఒక్కొక్కరికీ విడివిడిగా చెప్పే ఓపిక తగ్గింది. అందుకే రాసిపెడుతున్నాను.

1. సంతకి చీటీ రాసుకుని వెళ్ళకండి

ఆదివారం జగదల్‌పూర్ సంత, సోమవారం తోకాపాల్, శుక్రవారం లోహండీగుడా. చుట్టుపక్కల ఊళ్ళకి తలా ఒక రోజు. ప్లాంటు కాలనీవాళ్ళు చీటీ మీద క్యాప్సికం, బీన్స్, క్యారెట్ అని రాసుకెళ్తారు. లారీలో వచ్చిన ఆ సరుకే కొనుక్కుని, సంత చూసొచ్చాం అంటారు. చీటీ ఇంట్లో వదిలేయండి. ముందు ఖాళీ సంచితో ఒక చుట్టు తిరగండి. నేల మీద కూర్చున్న ఆడవాళ్ళలో ఎక్కువమంది ముందు ఒకే సరుకు కుప్పలుగా కనిపిస్తే, ఆ వారం మీ వంట అదే.

దీపావళి చుట్టుపక్కల సీతాఫలాలు, కాంకేర్ వైపువి పేరుమోసినవి. ఆ వెనకే ఉసిరికాయలు, కొత్త మినుములు. డిసెంబరుకి చిక్కుళ్ళు, పచ్చి కందికాయలు, చేమదుంపలు, చిలగడదుంపలు, ముల్లంగి. సంక్రాంతి నాటికి రేగుపళ్ళు, ఉలవలు. ఈ వరస కొద్దిగా అటూ ఇటూ జరుగుతుందే కానీ తప్పదు. చలికాలంలో ఒంటికి ఏది మంచిదో ఎవరెవరినో అడుగుతారు కానీ, సంత ప్రతి వారం చెప్తూనే ఉంటుంది. కందికాయలు కనిపిస్తే ఆలోచించకండి. తొక్కతోనే ఉప్పేసి ఉడకబెట్టి, పళ్ళెం మధ్యలో పెట్టి, ఇంట్లోవాళ్ళని చుట్టూ కూర్చోబెట్టండి. ఒలుచుకు తింటూ ఉంటే టీవీ గుర్తు రాదు.

2. పులియని పిండిని పీడించకండి

డిసెంబరు వచ్చిందంటే నాకు మొదటి ఫోను ఇడ్లీ పిండి గురించే. రాత్రి రుబ్బి పెట్టింది పొద్దున్నకి ఎలా ఉందో అలాగే ఉంటుంది. పిండిలో తప్పేం లేదు, దాన్ని పులియబెట్టే సూక్ష్మజీవులు వెచ్చదనం చాలక ముడుచుకుని కూర్చుంటాయి. చిట్కాలున్నాయి. మినప్పప్పుతో చెంచాడు మెంతులు నానేయండి, గోరువెచ్చటి నీళ్ళతో రుబ్బండి, గిన్నెకి పాత దుప్పటి చుట్టి పొయ్యి పక్కన పెట్టండి. ఒక రాత్రి చాలదు, మర్నాడు మధ్యాహ్నం దాకా ఆగండి. పెరుగుకైతే పాలు మామూలు కన్నా కాస్త వేడిగా ఉండగా, తోడు కాస్త ఎక్కువేసి, గిన్నెని బియ్యం డబ్బాలో దించండి.

ఇవన్నీ చెప్పాక కూడా నా మాట ఒకటే: ఈ రెండు నెలలూ ఇడ్లీని వదిలేయండి. ఈ ఊళ్ళో చలికాలపు పొద్దుటికి అంగాకర్ రొట్టె ఉంది. రాత్రి మిగిలిన అన్నాన్ని చేత్తో మెత్తగా మెదిపి, అందులో కొత్త బియ్యప్పిండి, ఉప్పు వేసి, వేన్నీళ్ళు చిలకరిస్తూ గట్టిగా కలపాలి. అన్నం పలుకులు అక్కడక్కడ తగలాలి, అప్పుడే లోపల మెత్తగా ఉంటుంది. మోదుగాకులు కానీ అరిటాకు కానీ పరిచి, వేలు మందాన ఒత్తి, పైన ఇంకో ఆకు కప్పి, సన్నటి నిప్పుల మీద పెట్టి, మూత మీద కూడా నాలుగు నిప్పులు వేయాలి. గ్యాసైతే మందపాటి పెనం, బరువైన మూత, అతి చిన్న మంట. తొందరపడితే పైన మాడి లోపల పిండి పిండిగా ఉంటుంది. కింది ఆకు నల్లబడి, కమ్మటి కాలిన వాసన వచ్చాక తిప్పాలి. రెండు వైపులా కలిపి అరగంట పైనే పడుతుంది. ఆకు ఒలిస్తే దాని ఈనెలు రొట్టె మీద అచ్చు పడి ఉంటాయి.

నంజుకోవడానికి నిప్పుల్లో కాల్చిన టమాటా, పచ్చిమిర్చి, వెల్లుల్లి, ఉప్పు వేసి రోట్లో నూరిన పచ్చడి. పిల్లలకైతే నెయ్యి, బెల్లం. మన దిబ్బరొట్టె తిన్న నోటికి ఇది కొత్తగా అనిపించదు. పులియబెట్టే పని లేదు, మిగిలిన అన్నం చెల్లిపోతుంది, మధ్యాహ్నం దాకా ఆకలి వేయదు.

3. చోడి అంబలి ఎండాకాలానికే కాదు

మా విజయనగరం వైపు చోళ్ళు అంటాం, మిగతా తెలుగు దేశం రాగులంటుంది, ఇక్కడ మండియా. మండియా పేజ్ అంటే పల్చటి జావ. వేసవిలో పొలానికి వెళ్ళేవాళ్ళు ఎండిన సొరకాయ బుర్రలో పోసుకుని భుజాన వేలాడేసుకుంటారు, అందులో చల్లగా ఉంటుంది. అది చూసినవాళ్ళు పేజ్ చలవ, చలికాలంలో తాగితే పడిశం పడుతుంది అని తీర్మానించేస్తారు.

కుండలోంచి చల్లగా తాగితే సరే, ఒంటికి పడదు. పొయ్యి మీంచి దించి వేడివేడిగా తాగితే ఏం పడిశం? నూకలు ఉడుకుతుండగా, రాత్రి నానబెట్టిన చోడిపిండి నీళ్ళు పోసి, ఉండకట్టకుండా తిప్పుతూ, పచ్చివాసన పోయేదాకా ఉంచాలి. చలికి పులుపు సరిగా ఎక్కదు, కావాలంటే రెండు రాత్రులు నాననివ్వండి. పక్కన కాల్చిన ఎండుచేప ముక్క, లేదా ఉప్పుమిరపకాయ. వంద గ్రాముల చోళ్ళలో 340 మిల్లీగ్రాముల పైన కాల్షియం ఉంటుంది. మోకాళ్ళు పట్టేస్తున్నాయని మాత్రలు మింగే నా ఈడువాళ్ళు ఈ అంకె గుర్తుపెట్టుకుంటే చాలు. 2023ని ప్రపంచమంతా చిరుధాన్యాల సంవత్సరం అని జరుపుకుంది. మీటింగుల్లో చోడి బిస్కట్లు పంచారు. సామలు, అరికెలు, చోళ్ళు తరతరాలుగా తిన్న ఊళ్ళలో మాత్రం రేషన్ బియ్యం వచ్చాక అవి పండగ సరుకుగా మిగిలాయి. బియ్యం ఆకలి తీర్చింది, కాదనను. కానీ చలికాలంలో రోజుకో పూటైనా కుండలో చోళ్ళు ఉండాలి.

4. ఉలవలకి మంట కాదు, సమయం కావాలి

ఇక్కడి హల్బీ మాటలో ఉలవలు హిర్వా. మెట్ట నేలల్లో, వరి కోసాక మిగిలిన తడికి పండుతాయి. జనవరిలో సంతకి వచ్చే కొత్త ఉలవలు ఎర్రగా, నున్నగా, జారిపోతూ ఉంటాయి. మొదట చేట పట్టండి. ఉలవల్లో అదే రంగు, అదే సైజు మట్టిబెడ్డలు ఉంటాయి, పంటి కింద పడ్డాక తెలిసి లాభం లేదు.

ఇక్కడివాళ్ళు గింజ మొత్తాన్ని పప్పులా వండుకు తింటారు. మనం కట్టు తీసుకుని గింజలు పశువులకి వేశాం. రెండూ కలిపితే నా పద్ధతి. గ్లాసు ఉలవలు రాత్రంతా నానాలి. ఆ నీళ్ళు పారబోసి, ఏడెనిమిది గ్లాసుల నీళ్ళతో మందపాటి గిన్నెలో పెట్టి, గింజ చితికేదాకా, రెండు గంటలు, సన్నసెగ మీద వదిలేయండి. కుక్కర్‌లో చేస్తే గింజ ఉడుకుతుంది కానీ కట్టుకి ఆ చిక్కదనం, ఆ రంగు రావు. వడగట్టిన కట్టులో చింతపండు రసం, చీల్చిన పచ్చిమిర్చి, ఉల్లిపాయలు, చిన్న బెల్లంముక్క వేసి మళ్ళీ మరగనివ్వాలి. ఎప్పుడు దించాలి అని అడుగుతారు. గరిటె వీపున చారు సన్నగా పూసుకుని, వేలితో గీస్తే గీత నిలవాలి, అప్పుడు. ఆవాలు, జీలకర్ర, వెల్లుల్లి, కరివేపాకు పోపు. వడ్డించేటప్పుడు పైన చెంచాడు మీగడ.

మిగిలిన గింజల్ని పారేయకండి. సగం గుగ్గిళ్ళుగా పోపు వేసుకోండి, మిగతా సగం మర్నాడు చిక్కుడుకాయ కూరలో కలపండి. ఉలవల్లో ఐదో వంతు పైన మాంసకృత్తులే. అవి అరగడానికి ఒళ్ళు కష్టపడుతుంది, ఆ కష్టంలో వేడి పుడుతుంది. ఉలవలు వేడి చేస్తాయి అని మా అమ్మమ్మ అన్నమాట ఇలా కొంత నిజమే. అయితే ఆ వేడి పేరు చెప్పి ఏ వంటకాన్నైనా మందు చేసేయడం నాకు నచ్చదు. ఉలవచారు రుచిగా ఉంటుంది కాబట్టి తాగండి.

5. కొత్త చిక్కుడు దేవుడి తర్వాతే

సుక్మా, కొంటా వైపు దోర్లాలు, భద్రాచలం ఏజెన్సీలో కోయలు ఒక కట్టుబాటు పాటిస్తారు. చిక్కుడు పండగ చేసి దేవుడికి పెట్టనిదే కొత్త చిక్కుడుకాయ నోట పెట్టరు. కాయ పందిరి నిండా వేలాడుతున్నా సరే. మామిడికీ అంతే, ఇప్పపువ్వుకీ అంతే, దేనికదే పండగ. మొదట్లో నాకిది వింతగా ఉండేది. పండగ అయ్యేదాకా ఆగితే విత్తనానికి సరిపడా కాయ ముదురుతుంది, లేతకాయని ఎవరు ముందు కోసుకుంటారన్న పోటీ ఉండదు అని నాకు అర్థమైంది. వాళ్ళని అడిగితే ఈ లెక్కలేవీ చెప్పరు, పెద్దలు తినలేదు, మేం ఎలా తింటాం అంటారు. అది నా లెక్క కన్నా మంచి జవాబు.

చిక్కుడు బాగా వచ్చే రోజుల్లో వారానికోసారైనా ఆమట్ చేయండి. బస్తర్ వంట అంటే ముందు చెప్పుకోవలసింది ఇదే. చిక్కుడు, వంకాయ, గుమ్మడి, ముల్లంగి, ఏది ఉంటే అది, అన్నీ పెద్ద ముక్కలు. అల్లం, వెల్లుల్లి, పచ్చిమిర్చి నూరి వేసి ఉడికించాలి. నీళ్ళలో కలిపిన బియ్యప్పిండి పోసి చిక్కబరచాలి, చింతపండుతో పులుపు. పాతరోజుల్లో వెదురుబొంగులో వండేవారు, అందులో వెదురుకొమ్ముల పులుపు పడేది. వెదురుకొమ్ములు వానాకాలపు సరుకు, చలికాలంలో వాటికోసం వెతక్కండి. నూనె చుక్క లేకుండా కూడా కుదురుతుంది. మన పులుసులాగే మర్నాటికి రుచి పెరుగుతుంది.

6. జ్వరానికి చీమల పచ్చడి కాదు, రక్తపరీక్ష

చాప్డా గురించి అడగనివాళ్ళు లేరు. మామిడి, సాల చెట్ల ఆకుల్ని కుట్టి గూడు కట్టే ఎర్ర చీమలు, వాటి గుడ్లు, ఉప్పు, మిరప, అల్లం, వెల్లుల్లితో నూరిన పచ్చడి. దొన్నెల్లో పెట్టి సంతలో అమ్ముతారు. పులుపంతా చీమలో ఉండే ఆమ్లానిదే, చింతచిగురు దగ్గర పులుపు. ఒడిశాలో మయూర్‌భంజ్ వాళ్ళ చీమల పచ్చడికి 2024లో జీఐ గుర్తింపు వచ్చింది, అప్పట్నుంచి ఇక్కడికి వచ్చే చుట్టాలకి కూడా కుతూహలం పెరిగింది. తినాలనిపిస్తే కొంచెం వేడన్నంలో కలుపుకోండి. తినలేకపోతే మొహం చిట్లించకుండా ఊరుకోండి. అమ్మే మనిషి ఎదురుగా "ఛీ" అనకండి, ఆమె అది చెట్టెక్కి, కుట్లు పడి తెచ్చింది.

ఇది తింటే జలుబు, జ్వరం తగ్గుతాయని ఇక్కడ గట్టి నమ్మకం. జలుబుకి కారంగా, పుల్లగా ఏది తిన్నా ముక్కు వదులుతుంది, అంతవరకు సరే. వణుకుతో జ్వరం వస్తే మాత్రం చలి తగిలిందని దుప్పటి కప్పి పడుకోబెట్టకండి. ఇది మలేరియా నేల. 2020 జనవరిలో మలేరియా ముక్త్ బస్తర్ అని ఇంటింటికీ వచ్చి రక్తం పరీక్ష చేయడం మొదలుపెట్టారంటే ఊరికే కాదు. లక్షణం లేనివాళ్ళలో కూడా అది బయటపడింది. వేలిమీద ఒక్క చుక్క రక్తంతో తేలిపోయే విషయానికి కషాయాలు కాచుకుంటూ రెండు రోజులు పోగొట్టుకోవద్దు.

7. సారా ఇచ్చేది వెచ్చదనం కాదు

జీలుగు చెట్టు కల్లుని ఇక్కడ సల్ఫీ అంటారు. తెల్లారగట్ల దింపింది తియ్యగా ఉంటుంది, ఎండ ఎక్కేకొద్దీ పులిసి మత్తు ఎక్కుతుంది. ఇప్పసారా సంగతి చెప్పక్కర్లేదు. దేవుడికి, పెళ్ళికి, చావుకి అవి లేకుండా ఇక్కడ పని జరగదు, దాన్ని నేను తప్పుపట్టను. చలి పోవడానికి ఒక్క గుక్క అనే మాటతోనే నా పేచీ. సారా తాగితే చర్మం కింద రక్తనాళాలు విచ్చుకుని పైకి వెచ్చగా అనిపిస్తుంది, అదే దారిన లోపలి వేడి బయటికి పోతుంది. తాగి ఆరుబయట పడుకున్నవాడికి చలి తెలియకపోవడమే ప్రమాదం.

ఇప్పపువ్వుని నమ్ముకోదలిస్తే ఇంకో దారుంది. వేసవిలో ఎండబెట్టి దాచిన పువ్వుని కేసరాలు పోయేలా నలిపి శుభ్రం చేసి, దోరగా వేయించి, వేయించిన నువ్వులు, శనగలతో రోట్లో దంచి ఉండలు కట్టండి. బెల్లం అక్కర్లేదు, పువ్వులోనే తీపి ఉంది. ఆదిలాబాద్ వైపు ఉట్నూరు ఏజెన్సీలో ఇప్పపువ్వు లడ్డూలు చేసి బాగా అమ్ముతున్నారు. అక్కడ పేరొచ్చిన సరుకే ఇక్కడ మన గుమ్మం ముందు రాలుతోంది.

8. గొర్సీ పెట్టుకోండి, తలుపు మూయకండి

గొర్సీ అంటే మట్టి కుంపటి. రాత్రి పొయ్యిలో మిగిలిన నిప్పులు ఎత్తి అందులో వేసుకుని చుట్టూ కూర్చుంటారు. ఆ నిప్పుల్లోనే చిలగడదుంప, వెల్లుల్లిపాయ, ఎండుచేప కాలుతాయి. చలికాలపు సగం భోజనం అక్కడే అయిపోతుంది. కాలనీ ఇళ్ళలో కిటికీలకి అద్దాలు, తలుపులకి రబ్బరు పట్టీలు ఉంటాయి. అలాంటి గదిలో బొగ్గుల కుంపటి పెట్టుకుని పడుకుంటే కార్బన్ మోనాక్సైడ్ వాసన లేకుండా ప్రాణం తీస్తుంది. పడుకునే ముందు కుంపటి వాకిట్లోకి పోవాలి. ఇందులో మినహాయింపు లేదు.

9. బాలింతకి కాయం పెట్టండి, కడుపు మాడ్చకండి

చలికాలంలో పురుడొస్తే రెండు వైపుల పెద్దవాళ్ళూ విజృంభిస్తారు. మనవాళ్ళు శొంఠి కాయం, వెల్లుల్లి కారం, కందిపొడి అంటారు. ఛత్తీస్‌గఢ్ వాళ్ళు మూలికలు మరిగించిన నీళ్ళు, శొంఠి, నువ్వులు, బెల్లం కలిపిన లడ్డూలు అంటారు, మంచం కింద గొర్సీ పెడతారు. ఇవన్నీ మంచివే, గొర్సీ విషయంలో పైన చెప్పింది గుర్తుంటే.

వీటి పక్కనే పత్యం పేరుతో వద్దనే జాబితా ఒకటి ఉంటుంది. ఆకుకూర వద్దు, పప్పు వద్దు, నీళ్ళు ఎక్కువ తాగొద్దు. బిడ్డకి పాలివ్వాల్సిన మనిషికి రెండింతల ఆకలి ఉంటుంది. ఈ నేల మీద ఆడవాళ్ళకి రక్తం తక్కువన్నది కొత్త మాట కాదు. 2020లో బస్తర్ డివిజన్లో రేషన్ మీద నెలకి రెండు కిలోల బెల్లం ఇవ్వడం మొదలుపెట్టింది అందుకే. బెల్లం ఒక్కటే చాలదు. గోంగూర కాకపోతే తోటకూర, ఉడికిన గుడ్డు, ఉలవకట్టు, చోడిజావ, గోరువెచ్చటి నీళ్ళు కడుపునిండా ఇవ్వండి. చుట్టుపక్కల ఎవరైనా అభ్యంతరం చెప్తే నా పేరు చెప్పండి.

10. వలిసెలు ఫొటోలకే కాదు

అరకు వెళ్ళి పసుపుపచ్చ పూల మధ్య నిలబడి ఫొటో దిగుతారే, అవే వలిసెలు. బస్తర్ మెట్టల్లో కూడా శీతాకాలం మొదట్లో అదే పసుపు. ఇక్కడ రామ్‌తిల్ అంటారు. నల్లటి సన్న గింజలు దోరగా వేయించి, ఎండుమిర్చి, వెల్లుల్లి, ఉప్పుతో పొడి కొట్టుకోండి. వేడన్నంలో మొదటి ముద్దకి ఇంకేం అక్కర్లేదు. నోటికి వలిసెలైతే, ఒంటికి ఇప్పనూనె. చలికి నెయ్యిలా గడ్డ కడుతుంది, సీసా ఎండలో పెడితే కరుగుతుంది. పగిలిన మడమలకి రాత్రిపూట రాసి చూడండి.

11. సోలీ కొలతని నమ్మండి, బేరం ఆపండి

గింజలు సోలీ, పాయిలీలతో కొలుస్తారు, కూరలు కుప్ప లెక్కన ఇస్తారు. తూకం లేదు కాబట్టి మోసం అనుకుంటారు కొత్తవాళ్ళు. ఇక్కడ మోసపోయింది అమ్మేవాళ్ళే. కోస్తా నుంచి వచ్చిన వర్తకులు ఉప్పు ఇచ్చి, దానికి సరిసమానంగా సారపప్పు కొలిపించుకుపోయిన రోజుల్ని పాతవాళ్ళు ఇంకా చెప్పుకుంటారు. అందులో మనవాళ్ళూ ఉన్నారు.

ఇప్పటికీ సంక్రాంతి వెళ్ళగానే బీజాపూర్, సుక్మా, దంతెవాడ పల్లెల నుంచి కుటుంబాలకి కుటుంబాలు మిరప కోతకి ఖమ్మం, ములుగు, వరంగల్ వైపు బయల్దేరుతాయి. మన ఇళ్ళలో ఏడాది పొడవునా చారులో, పచ్చడిలో, పొడిలో పడే కారంలో కొంత ఆ చేతులు కోసిందే. 2020 లాక్‌డౌన్‌లో అలా వెళ్ళిన పన్నెండేళ్ళ పిల్ల ఇంటికి నడుస్తూ ఊరి దగ్గరదాకా వచ్చి చనిపోయింది. అంచేత చిక్కుడుకాయల కుప్ప మీద ఐదు రూపాయలు తగ్గించమని అడిగే కోడళ్ళ మీద నాకు కోపం వస్తుంది, ఆ కోపం దాచుకోను.

12. చలికాలపు ఎండ వేసవి కోసం

పుష్యమాసంలో ఆకాశం కడిగినట్టుంటుంది, గాలిలో తేమ ఉండదు. ఎండబెట్టే పనులన్నీ ఇప్పుడే. కొత్త మినుములు, బూడిదగుమ్మడి కలిసి దొరికే రోజులివి. మన గుమ్మడి వడియాలు, వాళ్ళ రఖియా బరీ ఒకే డాబా మీద పక్కపక్కన ఎండుతాయి. పిండి గట్టిగా, పచ్చిమిర్చి ఘాటుగా ఉండాలి. మూడు ఎండలు పూర్తిగా పడితేనే డబ్బాలోకి. డిసెంబరు, జనవరుల్లో గింజ గట్టిపడని చింతకాయ దొరికితే ఉప్పు, పసుపు వేసి తొక్కి జాడీకెత్తండి. ఇక్కడివాళ్ళు చింతపండు కోసం ఆగుతారు, పచ్చికాయ తొక్కు మాత్రం మనదే. అది అందరికీ పంచండి.

పాలగుండ కథ వేరు. ఇక్కడ తిఖుర్ అంటారు. ఆకులు ఎండిపోయాక చలికాలంలోనే దుంప తవ్వుతారు. తొక్క తీసి, గరుకు రాయి మీద అరగదీసి, గుడ్డలో వడకట్టి, ఆ నీళ్ళు రాత్రంతా తేరనిస్తారు. పొద్దున్నకి అడుగున పేరుకున్న పిండి మీంచి పచ్చటి చేదు నీళ్ళు వంపేసి, మళ్ళీ మంచినీళ్ళు పోసి కలిపి, మళ్ళీ తేరనిస్తారు. పిండి తెల్లబడి, చేదు పోయేదాకా అదే పని. ఆ నీళ్ళలో చెయ్యి పెడితే వేళ్ళు కొంకర్లు పోతాయి, అయినా చన్నీళ్ళయితేనే పిండి పులియకుండా శుభ్రంగా దిగుతుంది. పది కిలోల దుంపలకి కిలో చుట్టుపక్కల పిండి వస్తుంది. అందుకే అసలు తిఖుర్ ఖరీదు. చవగ్గా దొరికితే అందులో ఇంకేదో పిండి కలిసిందని అర్థం. చిటికెడు పిండిని నీళ్ళలో కాచి చూడండి, అసలుదైతే అద్దంలా పారదర్శకంగా గట్టిపడుతుంది. ఇది ఒంటికి చలవ అంటారు కాబట్టి ఇప్పుడు తినేది కాదు. కొని, గాజు సీసాలో పోసి, ఏప్రిల్ దాకా అటకెక్కించండి.

మాఘం సగంలో చింతపండు రావడం మొదలవుతుంది. ఆసియాలోనే పెద్ద చింతపండు మండీ మాదే అని జగదల్‌పూర్ వాళ్ళు గొప్పగా చెప్పుకుంటారు. మండీ దాకా వెళ్ళకండి, సంతలోనే తొక్క తీయనిది కొనండి. ఇంట్లో తొక్క, ఈనెలు, గింజ తీసి, కల్లుప్పు చల్లి, ఉండలు చేసి జాడీలో గట్టిగా అదమండి. మొదటి వారాల సరుకులో తేమ ఎక్కువ, నల్లబడుతుంది. శివరాత్రి దాటినది తీసుకోండి.